ఖాతాలో డబ్బుంది, తూము మాత్రం వేయలేం. మరి పంచాయతీ ఎవరిది?

వార్డ్_మెంబర్_9
మా ఊళ్లో బడికి పోయే దారిలో వాగు మీద చిన్న తూము ఉంది. మొన్న వానలకి ఒక పక్క కుంగి పలక విరిగింది. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలో దిగి పోతున్నారు. రెండో తరగతి పాపనైతే వాళ్ల నాయనమ్మ రోజూ చంకనేసుకుని దాటిస్తోంది. ఇంజనీరు వచ్చి చూసి లక్షా అరవై వేలు అవుతుందన్నాడు. పంచాయతీ ఖాతా చూస్తే మూడు లక్షల పైనే ఉంది. సరే అని తీర్మానం రాయబోతే కార్యదర్శి ఆపాడు. ఆ మూడు లక్షలూ మంచినీళ్లకి, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలంట, తూముకి పెడితే ఆడిట్‌లో మన మెడకి చుట్టుకుంటుందంట. మరి మన అవసరాన్ని బట్టి వాడుకునే భాగం ఏమైందయ్యా అంటే అది వీధి దీపాల కరెంటు బాకీ కింద పోయిందన్నాడు. ఎవరు కట్టమన్నారు? మేం తీర్మానం చేయలేదు, సర్పంచి సంతకం లేదు, గ్రామసభలో మాటే రాలేదు.

2021 ఫిబ్రవరిలో 23 ఓట్ల తేడాతో గెలిచాను. పదవీకాలం అయిపోవచ్చింది. డబ్బు ఢిల్లీది, తాళం రాజధానిలో, తిట్లు మాత్రం టీ కొట్టు దగ్గర నాకు. ముడి ఎక్కడ పడిందో తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ వద్దు, దండం పెడతా.

మెట్టపొలం
మా ఊళ్లోనూ ఇదే కథ. తూము బదులు కల్వర్టు, అంతే తేడా.

రచ్చబండ_రాజు
దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా.

లెక్కలపద్దు
నేను స్థానిక నిధుల ఆడిట్‌లో పాతికేళ్లు చేసి రిటైరయ్యాను. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి.

ఆ డబ్బు 15వ ఆర్థిక సంఘం గ్రాంటు. కేంద్రం పన్నుల డబ్బు రాష్ట్రాలకీ స్థానిక సంస్థలకీ ఎట్లా పంచాలో చెప్పే సంఘం అది. 2021 నుంచి 2026 వరకు దేశం మొత్తం మీద గ్రామీణ స్థానిక సంస్థలకి 2,36,805 కోట్లు సిఫారసు చేశారు. అందులో 60 శాతం కట్టేసిన డబ్బు, అంటే సగం మంచినీళ్లకి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకి మాత్రం కూడదు. కేంద్రం నుంచి రాష్ట్ర ఖజానాకి డబ్బు చేరాక 10 పని దినాల్లో పంచాయతీలకి చేర్చాలి, ఆలస్యమైతే వడ్డీతో కలిపి ఇవ్వాలి. కాగితం మీద ఇంత గట్టిగా ఉంది.

వార్డ్ మెంబర్ గారూ, మీ 40 శాతం కరెంటు బాకీకి పోవడం మీ ఒక్క ఊరి సంగతి కాదు. 14, 15 ఆర్థిక సంఘాల నిధుల్ని విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేశారని ఏపీలో సర్పంచులు పార్టీలకి అతీతంగా రోడ్డెక్కారు, గుర్తుండే ఉంటుంది. బాకీ నిజమే కావచ్చు. కానీ నా బాకీ ఎప్పుడు, ఎంత కట్టాలో నేను నిర్ణయించుకోవాలి గదా. నా జేబులోంచి తీసి నా పేరు మీద కట్టేసి, రసీదు తర్వాత పంపిస్తే అది నా ఖర్చు ఎట్లా అవుతుంది?

ఏటిగట్టు
అసలు ముడి ఢిల్లీలో ఉంది మాస్టారూ. ఊరికి ఏం కావాలో అక్కడ కూర్చున్నవాళ్లు 60 శాతం ముందే నిర్ణయించేస్తే ఇక పంచాయతీ ఎందుకు? గ్రామ ప్రణాళిక రాయమంటారు, దాన్ని ఈ-గ్రామస్వరాజ్‌లో, అంటే పంచాయతీ లెక్కల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్‌లో ఎక్కించమంటారు, తీరా చూస్తే సగం గడులు ముందే నింపి ఉంటాయి.

ఒకప్పటి_కార్యదర్శి
ఏటిగట్టు తమ్ముడూ, ఆ కట్టడి ఎందుకొచ్చిందో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా. కట్టడి లేని రోజుల్లో నేను పనిచేసిన మూడు ఊళ్లలోనూ డబ్బు పడిందంటే సిమెంటు రోడ్డే. అది కంటికి కనిపిస్తుంది, శిలాఫలకం వేసుకోవచ్చు, బిల్లు తొందరగా అవుతుంది. నీళ్ల ట్యాంకు కడిగి ఎన్నాళ్లయిందని అడిగే నాథుడు ఉండేవాడు కాదు. ఒక ఊళ్లో ట్యాంకు మూత తీయిస్తే అడుగున జానెడు మందాన ఒండ్రు, చచ్చిన పావురం. ఆ నీళ్లే ఊరంతా తాగారు. 60 శాతం కట్టేయడం నాకు తప్పనిపించదు. మిగిలిన 40ని తీసేసుకోవడమే తప్పు.

వార్డ్_మెంబర్_9
మీరు చెప్పింది ఒప్పుకుంటా గానీ మా ట్యాంకు బాగానే ఉంది గురువుగారూ. విరిగింది తూము. మా ఊరికి జ్వరమొస్తే పక్కూరి మందు మింగమన్నట్టుంది.

తండా_బిడ్డ
మాది నల్గొండ దిక్కు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో మా తండా పంచాయతీ అయింది. మా నాయన తరం నుంచి అడుగుతున్న కల అది, ఆ రోజు డప్పులు కొట్టుకున్నాం. మా చిన్నాయన మొదటి సర్పంచ్.

తర్వాత తెలిసింది. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలె. ఇద్దరికీ పడకపోతే మోటారు కాలినా చెక్కు లేవదు. కలెక్టర్ కావాలనుకుంటే సర్పంచ్‌ని పక్కన పెట్టొచ్చు. ట్రాక్టర్ కొనాలె, నర్సరీ పెట్టాలె, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, ప్రకృతి వనం, అన్నీ పైనుంచి వచ్చిన జాబితా. చెడ్డ పనులని అనను, వైకుంఠధామం మాకు నిజంగా అవసరం, అంతకుముందు వాన పడితే శవాన్ని పొలం గట్టు మీద పెట్టుకుని కూర్చునేటోళ్లం. కానీ చిన్నాయన అప్పు తెచ్చి పని చేయించిండు, బిల్లు రాలే. పిన్ని పుస్తెలతాడు కుదువబెట్టింది. పదవి దిగిపోయినంక కూడా ఆ ఫైలు కవరు సంకలో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిండు.

ఇంకోటి. 2024 ఫిబ్రవరిలో మా పాలకవర్గాల గడువు అయిపోయింది, ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్లే. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం గ్రాంటు రాదు. ఎన్నికలు ఆపింది ఊరోళ్లు కాదు, డబ్బు పోయింది మాత్రం ఊరికి.

నాగలి_కర్రు
ఏపీలో కూడా అంతే కదన్నా. 2018 ఆగస్టులో గడువు ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. ఐదేళ్లకోసారి జరపాలని రాజ్యాంగం 243ఈ అధికరణంలో రాసుంది. అసెంబ్లీకి రెండేళ్లు ఎన్నికలు లేకుండా ఉంచితే దేశం ఊరుకుంటుందా?

చిత్తడి_నేల
ఊరుకోదు. ఊరి సంగతయితే మాత్రం ఎవరికీ పట్టదు.

లెక్కలపద్దు
ముడి ఢిల్లీలో అన్న ఏటిగట్టు మాటకి నేను పూర్తిగా ఒప్పుకోను. పంచాయతీలకి రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. 11వ షెడ్యూల్లో 29 అంశాలు ఉన్నాయి, వ్యవసాయం, చిన్ననీటి వనరులు, మంచినీళ్లు, రోడ్లు, బడులు, ఆరోగ్యం, అన్నీ. కానీ 243జీ చదవండి. పంచాయతీలకి ఈ అధికారాలు రాష్ట్ర శాసనసభ "ఇవ్వవచ్చు" అని ఉంది, "ఇచ్చి తీరాలి" అని లేదు. ఈ ఒక్క మాటలో మొత్తం కథ ఉంది. ఎన్నికలు, రిజర్వేషన్లు తప్పనిసరి చేశారు. అధికారం, డబ్బు, సిబ్బంది మాత్రం రాష్ట్రం దయకి వదిలేశారు. పెళ్లి చేసి కాపురానికి పంపలేదన్నమాట.

రాష్ట్ర ఆర్థిక సంఘం సంగతీ అంతే. 243ఐ ప్రకారం ఐదేళ్లకోసారి వేయాలి, రాష్ట్ర ఆదాయంలో పంచాయతీల వాటా ఎంతో అది తేల్చాలి. చాలా రాష్ట్రాలు వేళకి వేయవు, వేసినా నివేదిక బీరువాలోకి పోతుంది. చివరికి 15వ ఆర్థిక సంఘం వాళ్లు, 2024 మార్చిలోపు సంఘం వేసి దాని సిఫారసుల మీద ఏం చేశారో సభ ముందు పెట్టకపోతే ఆ తర్వాత గ్రాంటు రాదని షరతు పెట్టాల్సి వచ్చింది.

ఏటిగట్టు
రాష్ట్రం దగ్గర మాత్రం ఏముంది మాస్టారూ? పంచుకునే పన్నుల్లో తెలంగాణ వాటా 14వ ఆర్థిక సంఘంలో 2.437 శాతం, 15వ దానికి 2.102కి పడిపోయింది. ఏపీది 4.305 నుంచి 4.047. పైగా సెస్సులు, సర్‌ఛార్జీలు అసలు పంచే కుప్పలోకే రావు. పైనుంచి నీళ్లు తగ్గితే చివరి భూములు ఎండుతాయి, అంతే.

తండా_బిడ్డ
అన్నా నువ్వు చెప్పింది నిజమే. కానీ ఒకటి ఆలోచించు. ఢిల్లీని హైదరాబాద్ ఏం అడుగుతున్నదో, మా చిన్నాయన హైదరాబాద్‌ని అదే అడుగుతున్నడు. "నా వాటా నాకియ్యి, దేనికి ఖర్చు పెట్టుకోవాలో నాకు చెప్పకు." పైన అడిగేటప్పుడు న్యాయమైన మాట, కింద అడిగితే గొంతెమ్మ కోరిక ఎట్లా అవుతది?

రచ్చబండ_రాజు
ఈ మాట ఫ్రేము కట్టించి పంచాయతీ ఆఫీసులో తగిలించాలి.

మెట్టపొలం
ఫ్రేము దేని కింద కొనాలి, మంచినీళ్లా పారిశుద్ధ్యమా?

రచ్చబండ_రాజు
😂 గోడ దుమ్ము దులిపినట్టు రాసేద్దాం.

పల్లెటూరి_పట్నవాసి
మీరంతా పంచాయతీకి అధికారం అధికారం అంటున్నారు. మా ఊళ్లో అధికారం అంటే ఒకే ఇంటిపేరు వాళ్లది. సర్పంచ్ పదవి రిజర్వేషన్‌లో మా వాడకి వచ్చినా సంతకం పెట్టేది మావాడు, పెట్టించేది వాళ్లు. ఏకగ్రీవం అని గుడి కట్టించి పదవి కొనుక్కున్న ఊళ్లు నాకు తెలుసు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామం గురించి ఎంత కటువుగా మాట్లాడారో చదవండి. అది సంకుచితత్వం, అజ్ఞానం గూడుకట్టుకున్న చోటు అన్నారు. ఆయనకి ఊరి అంచున బతకడం తెలుసు కాబట్టి అన్నారు. డబ్బు నేరుగా ఖాతాలో పడే ఉపాధి హామీ కూలీ మా అమ్మకి అందింది. అదే పంచాయతీ చేతిలో పెట్టి ఉంటే అందేదా?

లెక్కలపద్దు
దీనికి కొట్టిపారేసే జవాబు నా దగ్గర లేదు, మీరు చెప్పింది నేను ఆడిట్‌లో కళ్లారా చూశాను. ఒక్క మాట మాత్రం అంటాను. ఊరి పెత్తందారు పైనున్న ఆఫీసులో కూడా పెత్తందారే, అక్కడికి మీ వాడ మనిషి బస్సెక్కి పోలేడు. గ్రామసభలో కనీసం లేచి నిలబడి అడగొచ్చు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2006లో గట్టిగా మొదలైంది. ఊరందరి ముందు మస్టరు రోలు, అంటే కూలీల హాజరు పట్టీ చదివి, ఫలానా మనిషి పని చేశాడా లేదా అని అడిగితే చచ్చినవాళ్ల పేర్లు బయటపడ్డాయి. ఆ పద్ధతి పంచాయతీ ప్రతి రూపాయికీ రావాలి.

పల్లెటూరి_పట్నవాసి
అది వస్తే నాకు అభ్యంతరం లేదు. అది రాకుండా అధికారం మాత్రం వస్తేనే భయం.

సర్పంచమ్మ
మూడు రోజుల నుంచి చదువుతున్నా, ఇవాళ రాస్తున్నా. నేను సర్పంచిని, మహిళా రిజర్వేషన్‌లో గెలిచాను. ఇంటర్ చదివాను.

గెలిచిన మొదటి ఏడాది నా డిజిటల్ సంతకం ఉన్న డాంగిల్ (చెల్లింపులకి కంప్యూటర్‌కి పెట్టే పెన్‌డ్రైవ్ లాంటిది) నేను చూడనే లేదు. అది మండలంలో ఒక కంప్యూటర్ ఆపరేటర్ టేబుల్ సొరుగులో రబ్బరు బ్యాండు వేసి ఉండేది, మా మండలంలో ఇంకో పన్నెండు ఊళ్లవాటితో కలిపి. ఒక్కోదానికి తెల్ల ప్లాస్టర్ అతికించి ఊరి పేరు రాశారు. నా పేరు మీద ఆరు చెల్లింపులు అయ్యాయని నాకు తర్వాత తెలిసింది. మా ఆయన్ని తీసుకురమ్మన్నారు, "ఆయనకి చెబుతాంలే అమ్మా" అన్నారు. నేను పోలేదు ఇంటికి. కుర్చీలో కూర్చుని, నాది నాకివ్వండి, పాస్‌వర్డ్ నేనే మార్చుకుంటా అన్నా. సాయంత్రం నాలుగున్నరకి ఇచ్చారు. ఇప్పుడది నా బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది.

నాకొచ్చే గౌరవ వేతనం 3,000. దాని గురించి నాకు బాధ లేదు. ఊళ్లోనే ఉన్న సచివాలయంలో ఎవరు ఇవాళ సెలవులో ఉన్నారో నాకు చెప్పే దిక్కు లేకపోవడం బాధ. 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు పది మంది ఉద్యోగులు ఊళ్లోకి వచ్చారు, మంచిదే. కానీ వాళ్లంతా తమ తమ శాఖల పై అధికారులకే జవాబు చెప్పుకుంటారు. జనం మాత్రం నా ఇంటి అరుగు మీదికొచ్చి అడుగుతారు.

తండా_బిడ్డ
అక్కా, దండం నీకు.

ఒకప్పటి_కార్యదర్శి
అమ్మా, మీరు చేసింది సరైన పని. ఆ డాంగిల్ పంచాయతీ అధ్యక్షురాలి దగ్గరే ఉండాలి. ఇది చదివే సర్పంచులందరూ రేపే వెళ్లి తెచ్చుకోండి.

త్రిసూర్_తెలుగు
నేను తొమ్మిదేళ్లుగా కేరళలో ఉద్యోగం చేస్తున్నా. ఇక్కడ 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టి ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకి ఇచ్చేశారు. డబ్బుతో పాటు సిబ్బందిని కూడా కిందికి పంపారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, కృషి భవన్ అనే వ్యవసాయ కార్యాలయం, ఇవి పంచాయతీ కిందికొచ్చాయి. మా అబ్బాయికి జ్వరమొచ్చి పీహెచ్‌సీకి పోతే మందులు లేవన్నారు, నేను ఏం చేయాలో తెలియక నిలబడితే పక్కింటి చేచ్చి (అక్క) నేరుగా వార్డు మెంబరుకి ఫోన్ కొట్టింది. మన దగ్గర ఎమ్మెల్యే పీఏకి కొడతాం.

ఇంకో తేడా గమనించండి. కేరళలో గ్రామ పంచాయతీలు 941. మన ఏపీలో 13 వేల పైన, తెలంగాణలో 12 వేల పైన. ఇక్కడ ఒక్కో పంచాయతీ జనాభాలో మన దగ్గర పది ఊళ్లంత ఉంటుంది, ఇంజనీరునీ గుమాస్తాలనీ పోషించుకోగలదు.

తండా_బిడ్డ
అట్లాగని మా తండాని మళ్లీ పెద్దూళ్లో కలపమంటే ఊరుకోం అన్నా. కలిసి ఉన్నప్పుడు మాకు బోరు కూడా రాలే.

త్రిసూర్_తెలుగు
అది నేను ఆలోచించలేదు తమ్ముడూ. నిజమే.

ఆస్టిన్_అబ్బాయి
ఇక్కడ టెక్సస్‌లో కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ ఎవరి ఆస్తిపన్ను వాళ్లే వేసుకుంటారు, బిల్లు మీద వరసగా ఎవరికెంతో రాసి ఉంటుంది. స్కూలుకి కొత్త బిల్డింగ్ కావాలంటే, దానికి తెచ్చే అప్పు (బాండ్) మీద మేమే ఓటేస్తాం. అయితే ఇక్కడ కూడా పైవాళ్లు కిందివాళ్ల చేతులు కడతారు. 2019లో రాష్ట్రం చట్టం చేసింది, సిటీలు, కౌంటీలు పన్ను రాబడి ఏడాదికి 3.5 శాతం మించి పెంచాలంటే ఓటర్ల అనుమతి తీసుకోవాలి. నా అనుమానం ఏంటంటే, మన పంచాయతీలు సొంత పన్ను వసూలు చేసుకోకుండా గ్రాంటు మీదే బతికితే ఎవడైనా షరతులు పెడతాడు కదా?

ఒకప్పటి_కార్యదర్శి
బాబూ, ఇది చేదు నిజం. ఇంటి పన్ను గుమ్మం దగ్గర అడిగితే, "ఓటేసింది చాలక పన్ను కూడానా" అన్నవాళ్లున్నారు. ఎన్నికల ఏడాది అయితే సర్పంచే "ఇప్పుడు వద్దులే" అంటాడు. మేడ మీద మేడ లేచినా రికార్డులో ఇంకా పెంకుటిల్లే. కానీ పంచాయతీకి హక్కుగా రావాల్సినవీ ఉన్నాయి. మీ ఊళ్లో స్థలం రిజిస్ట్రేషన్ అయితే స్టాంపు డ్యూటీ మీద సర్‌ఛార్జి వాటా, గ్రావెలు తవ్వితే సీనరేజి, అంటే తవ్వినందుకు కట్టే రుసుములో వాటా. అవి ఖజానాలో ఆగిపోతే అడిగేవాళ్లు తక్కువ. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

నాగలి_కర్రు
జెండా పండగ సంగతి ఎవరూ చెప్పలేదేం? ఏపీలో ఆగస్టు 15కి చిన్న పంచాయతీ ఖర్చు పెట్టుకోగలిగింది 100 రూపాయలు, పెద్దదానికి 250. దశాబ్దాల తరబడి అదే. 2024లో గానీ 10,000కి, 25,000కి పెంచలేదు. వంద రూపాయలకి పిల్లలందరికీ చాక్లెట్లు కూడా రావు. మా సర్పంచ్ తాత ప్రతిసారీ సొంత డబ్బుతో బూందీ చేయించేవాడు, ఆ బూందీ కోసమే నేను బడికి పోయేవాణ్ని.

చిత్తడి_నేల
1959లో రాజస్థాన్ తర్వాత వెంటనే పంచాయతీరాజ్ మొదలుపెట్టిన రాష్ట్రం మనది. 1986లో పెద్ద పెద్ద పంచాయతీ సమితులు తీసేసి మండలాలు తెచ్చిందీ మనమే. అలాంటి చోట వంద రూపాయలా. చదువుతుంటే కళ్లు మండుతున్నాయి.

లెక్కలపద్దు
వార్డ్ మెంబర్ గారూ, కబుర్లు చాలు, మీ తూము సంగతి చూద్దాం. మూడు పనులు చేయండి. ముందు, ఈ-గ్రామస్వరాజ్‌లో మీ పంచాయతీ చెల్లింపుల పేజీలో కరెంటు బాకీ కింద ఏ తేదీన ఎంత పోయిందో ప్రింటు తీయండి, ఎవరైనా చూడొచ్చు, అనుమతి అక్కర్లేదు. తర్వాత మీటర్ల వారీగా బిల్లులు అడగండి. వెలగని దీపాలకి, ఎప్పుడో మూసేసిన బోరుకి కూడా బాకీ లెక్క కట్టిన ఊళ్లని నేను చూశాను. చివరగా, తూము పనిని గ్రామసభలో పెట్టి తీర్మానంలో మొదటి వరసలో రాయించండి. రాతలో లేని అవసరం ఆఫీసులో అవసరమే కాదు.

వార్డ్_మెంబర్_9
నాలుగు రోజులు ఆలస్యమైంది, మన్నించండి మాస్టారూ. ప్రింటు తీశాను. రెండు విడతలుగా 2,14,000 పోయింది. తూము ఖర్చు కంటే ఎక్కువ. బిల్లులు అడిగితే ఇరవై ఏడు మీటర్ల జాబితా ఇచ్చారు. నిన్న నేనూ సర్పంచి గారూ లైన్‌మన్‌ని వెంటబెట్టుకుని ఊరంతా తిరిగాం. పంతొమ్మిదే దొరికాయి. ఒకటి పడిపోయిన పాత చావడిది, ఆ చావడి నా చిన్నప్పుడే కూలింది.

ఆదివారం గ్రామసభ పెట్టించాం. ఈ జాబితా గట్టిగా చదువుతా. పట్నవాసి గారూ, మీరన్న మాట గుర్తుంది, సభ రచ్చబండ దగ్గర కాకుండా వాడకీ ఊరికీ మధ్య ఉన్న బడిలో పెట్టమని అడిగాను, ఒప్పుకున్నారు.

తూముకి మాత్రం నిన్న రాత్రి ట్రాక్టర్ ఉన్నవాళ్లు నలుగురు కలిసి రెండు సిమెంటు పైపులు దించి పైన మట్టి పోశారు. ఎన్నాళ్లుంటుందో చెప్పలేను, గట్టి వాన వస్తే పోతుంది. ఇవాళ పొద్దున ఆ పాప నడిచే దాటింది.

పల్లెటూరి_పట్నవాసి
ఆదివారం ఎన్ని గంటలకి? మీ ఊరు మాకు దగ్గరైతే నేనూ వస్తా.